ఏమో గొట్టం

దక్షిణపు కొమ్మ మళ్ళీ తెల్లబడింది.

తొట్టి అంచు పట్టుకుని నూకరత్నం వంగి చూసింది. మొదటిసారి ఇలా అయినప్పుడు ఎక్కడో లెక్క తప్పిందనుకుంది. రెండోసారి నీళ్ళు పాడయ్యాయనుకుంది. ఈ మూడోసారికి అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఏడోనెల కడుపుతో ఎక్కువసేపు వంగలేక నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఉత్తరం వైపు చూడండి రత్నంగారూ, ఎంత కళగా ఉందో!" అన్నాడు ఫాల్గుణరావు తొట్టి అవతల నుంచి. ఇద్దరూ ఈ ప్రయోగశాలలో ఒకేసారి చేరారు. అతను ఉత్తరాన ఉన్న రేవు పట్నంలో పుట్టినవాడు, ఆమె దక్షిణాన ఉన్న సుడివాడలో పుట్టింది. ఎవరి కళ్ళు ఎటు పోతాయో వేరే చెప్పాలా?

"ఉత్తరానికేం, మహారాజులా ఉంది" అంది రత్నం.

గవ్వలదీవి బంగాళాఖాతం నడిమధ్యన ఉంటుంది. తుపానుకు దారితప్పి కళింగ తీరం నుంచి కొట్టుకొచ్చిన జాలర్ల మునిమనవలే ఇప్పుడక్కడ మంత్రులు, మేస్త్రీలు, మాస్టర్లు. చిన్న దీవి కాబట్టి దానికి ఒక శాపం ఉంది. పెట్టుబడి అనేది అక్కడ ఎప్పుడూ ఓడెక్కి బయట నుంచే వచ్చింది. వచ్చినప్పుడల్లా ఓడ ఆగేచోటే దిగి అక్కడే కూర్చుంది. మొదట ఉప్పు కొఠార్లు, ఆ తర్వాత కొబ్బరి పీచు మిల్లు, అది మూతపడ్డాక పెద్దరేవు, సముద్రం అడుగున పరిచే తీగల స్టేషను, హోటళ్ళు. అన్నీ ఉత్తరానే. వందేళ్ళుగా ఇదే వరస. ఇకముందైనా ఏ పెట్టుబడి ఎక్కడ పెడితే నిలుస్తుందో ముందే తెలిస్తే బాగుండునని దీవి సభవారు ఈ ప్రయోగశాలకు డబ్బిచ్చారు.

రత్నం, ఫాల్గుణరావు కలిసి తయారుచేసింది ఒక పగడం. మామూలు పగడం ఏడాదికి వేలెడు పెరిగితే గొప్ప. ఈ వేగపగడం గంటకో వేలు పెరుగుతుంది. పెద్ద తొట్టిలో అచ్చం గవ్వలదీవి ఆకారంలో రాయి పరిచి, దానిమీద ఈ పగడాన్ని నాటారు. పైనుంచి సన్నటి గొట్టాలు వేలాడుతుంటాయి. ఒకటి రేవుల గొట్టం, ఒకటి రోడ్లది, ఒకటి ఇళ్ళది, ఒకటి పడవలది, ఒకటి బడులది. ఏచోట ఏ కాలంలో ఎంత పెట్టుబడి పడిందో అక్కడ అన్ని చుక్కల మేత పడుతుంది. తొట్టిలో ఒక గంట గడిస్తే దీవిలో పదేళ్ళు గడిచినట్టు. మేత అందినచోట పగడం గోధుమరంగులో కొమ్మలు వేస్తుంది, అందనిచోట తెల్లబడి చచ్చి రాయైపోతుంది. ఒక కొమ్మ ఎదిగితే పక్కదానికి నీడ పడుతుందో, అండే దొరుకుతుందో కాగితం మీద తేల్చడం ఎంత తలపండినవాడి వల్లా కాదు. పగడం మాత్రం తనకు తానే తేల్చుకుంటుంది.

గడిచిన వందేళ్ళను పోసి చూస్తే, పగడం ఉన్నదున్నట్టు పెరిగింది. మిల్లు మూతబడ్డ కాలానికి ఆ మూల కొమ్మ ముడుచుకుంది, రేవు కట్టిన కాలానికి ఉత్తరం గుప్పున లేచింది. ఒక్క దక్షిణమే మొరాయించింది. సుడివాడలో పడ్డ పెట్టుబడంతా పోసినా అక్కడి కొమ్మ ఎప్పుడో తాతల కాలంలోనే చచ్చిపోయేది. కానీ సుడివాడ చావలేదు కదా, నిక్షేపంగా ఉంది! ఆ తేడా సరిపెట్టడానికి ఇంకో గొట్టం తగిలించారు. అందులో పడే మేత ఎక్కడిదో తెలియదు, పోస్తే మాత్రం లెక్క కుదురుతుంది. దానికి ఫాల్గుణరావు పెట్టిన పేరు 'ఏమో గొట్టం'. పేరు నవ్వులకి పెట్టిందే గానీ అదే ఖాయమైపోయింది.

గడిచినదానికి ఏమో అంటే సరిపోయింది. రాబోయేదానికి ఏమో అంటే సభవారు ఊరుకోరు. అందుకని రాబోయే కాలం పెంచేటప్పుడు ఆ గొట్టం కట్టేశారు. కట్టేసిన ప్రతిసారీ దక్షిణపు కొమ్మ తెల్లబడింది.

వచ్చే పౌర్ణమికి సభ. రానున్న ముప్పై ఏళ్ళలో ప్రభుత్వం ఎక్కడ ఎంత పెట్టాలో ఆరోజే తేలుస్తారు. సుడివాడను కాచే సముద్రపు గోడ మూడుచోట్ల నెర్రెలిచ్చి ఉంది. చచ్చిపోతుందని తొట్టి చెప్పిన వాడకి గోడ బాగుచేయించే అమాయకులు సభలో ఎవరూ లేరు. గోడ పోతే సుడివాడ పోయినట్టే.

*

ఆ సాయంత్రం రత్నం ఇంటికొచ్చేసరికి మేనత్త దానమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. తల్లి పోయాక రత్నాన్నీ తమ్ముణ్ణీ పెంచింది ఈవిడే. మనిషి సన్నం, గొంతు లావు.

"ఒలే రత్నం, నెల సగం దాటిపోనాది. నీ తమ్ముడేటి, పెట్టుకి ఒస్తాడా రాడా?"

"ఏమో అత్తా. కబురెట్టినాను."

"కబురెట్టినాను కబురెట్టినాను! మేనమామ పెట్టకుండా ఈ వాడలో ఒక్క గుంటడైనా పుట్టినాడేటి?"

సుడివాడకి ఒక ఆచారం ఉంది. ఆడమనిషికి ఏడోనెల రాగానే ఆమె అన్నో తమ్ముడో, అంటే పుట్టబోయే బిడ్డకి మేనమామ, ఒక రాయి తెచ్చి సముద్రపు గోడ మీద పెట్టాలి. దాన్ని 'పెట్టు' అంటారు. అన్నదమ్ములు లేనివాళ్ళకి వరసకి మేనమామ అయ్యేవాడు ఎవడో ఒకడు పెడతాడు. లోకంలో తెలుగువాళ్ళు అదృష్టవంతుణ్ణి చూసి 'పెట్టి పుట్టాడు' అంటారు, పోయిన జన్మలో నలుగురికీ పెట్టి ఉంటాడని. సుడివాడవాళ్ళకి పోయిన జన్మదాకా పోవాల్సిన పనిలేదు. రాయి పెట్టాక పుట్టినవాడే పెట్టి పుట్టినవాడు.

రత్నం మొగుడు కూర్మారావు రేవుకీ సుడివాడకీ మధ్య బస్సు నడుపుతాడు. కాళ్ళు కడుక్కుని వస్తూ, "పోనీ నేను పెట్టేస్తాను పిన్నీ, రాయే కదా!" అన్నాడు. అతనిది రేవు.

దానమ్మ నొసలు చిట్లించింది. "బాగుంది సంబడం! రాయి ఏ రాయైనా ఒకటే బాబూ. సెయ్యి మాత్తరం మేనమామదే అవ్వాల."

పెళ్ళయిన పన్నెండేళ్ళకి కడుపు పండింది రత్నానికి. మొక్కని దేవుడు లేడు, మింగని మందు లేదు. చదువుకున్న మనిషి, రాయి పెట్టకపోతే బిడ్డకి ఏదో అవుతుందని నమ్మదు. అయినా ఆ గోడ మీద తన బిడ్డ రాయి లేదంటే లోపల ఎక్కడో కలుక్కుమంటోంది. నమ్మకం పోయినా బాధ మిగలడం ఏమిటో ఆమెకే అర్థం కాలేదు.

*

తమ్ముడు ముత్యాలు పెద్దరేవులో క్రేను నడుపుతున్నాడు. మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళకి రత్నం అక్కడికి వెళ్ళింది. ఓడనీడన కూర్చుని కారియరు విప్పుతున్నవాడు అక్కని చూసి గబుక్కున లేచాడు.

"ఏటప్పా ఇది, ఈ ఎండలో! కబురెడితే నాను రానా?"

"పెట్టినాను కదరా. వచ్చినావా?"

 వాడు తన ముద్దలోంచి చేప తీసి, ముల్లు వలిచి, మూతలో పెట్టి అక్క ముందుకి జరిపాడు. చిన్నప్పుడు ఆమె వాడికి అలాగే పెట్టేది.

"అప్పా, మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి అనడం నాకు సేతకాదు. రెండేళ్ళ కిందట నువ్వే సెప్పినావు. తొట్టిలో మన వాడ సచ్చిపోతంది తమ్ముడూ, ఎవులికీ సెప్పకు అన్నావు. అన్నావా నేదా?"

అంది. అప్పుడే మొదటి పగడం పెరిగింది. దక్షిణం తెల్లబడేసరికి దుఃఖం ఆపుకోలేక, ప్రయోగశాల గుట్టు పైకి చెప్పకూడదని తెలిసి కూడా, తమ్ముడి దగ్గర వెళ్ళబోసుకుంది. నోట్లో నువ్వుగింజ నానదంటారు, ఇద్దరిదీ అదే రక్తం. ముత్యాలు పడవ అమ్మేసి, పెళ్ళాన్ని తీసుకుని రేవుకి వచ్చేశాడు. ఎందుకొచ్చావని స్నేహితులు అడిగితే చెప్పాడు. వాళ్ళు వాళ్ళ స్నేహితులకి చెప్పారు. చూస్తుండగా సుడివాడలో కొత్తగా పెళ్ళయిన జంటలన్నీ ఉత్తరం బస్సెక్కాయి.

"ఉండని వాడకి గోడెందుకు? పడిపోయే గోడకి రాయెందుకు? నువ్వే సెప్పు. నీ బిడ్డకి బంగారు పులిగోరు సేయిస్తాను, ఉయ్యాల కొంటాను. రాయి మాత్రం నా సేత పెట్టించకప్పా. అబద్ధం పెట్టినట్టుంతాది."

"మరి నేనెందుకు ఆ వాడలోనే ఉన్నానురా?"

"అదే నానూ అడుగుతన్నాను. ఎందుకున్నావు?"

 ఇల్లు ఉందనా? అత్త కదలనందనా? ఏదీ నిజం కాదు.

"ఏమోరా" అంది.

ముత్యాలు నవ్వబోయి, అక్క మొహం చూసి కారియరు గిన్నెలు సర్దాడు. ఆ చేపముక్క ఇద్దరూ తినలేదు.

*

ప్రయోగశాలకు తిరిగొచ్చి రత్నం చచ్చిన దక్షిణపు కొమ్మను తొట్టిలోంచి కోసి బయటికి తీసింది. గుమ్మడికాయంత ఉంది. దులిపి, కడిగి, బల్ల మీద పెట్టి తడుముతూ కూర్చుంది. పనికంటే బెంగే ఎక్కువ ఆ తడమడంలో.

కొమ్మ మొదట్లో, గడిచిన కాలం పెరిగినచోట, వేళ్ళకి ఒక లావు తగిలింది. తర్వాత సన్నటి ఇరుకు. మళ్ళీ కాస్త లావు, ఆపైన కొంచెం మెలిక. ఇదంతా ఏమో గొట్టం చుక్కలతో పెరిగిన భాగం. రత్నం వేళ్ళు వెనక్కి వెళ్ళాయి. మళ్ళీ ముందుకొచ్చాయి. ఈ లావూ ఈ ఇరుకూ ఆమెకి తెలుసు. కళ్ళు మూసుకుంది. కాళ్ళకి తెలుసు!

సుడివాడ గోడ మీద పరుగెత్తి పెరిగిన పిల్ల ఆమె. పెద్ద తుపాను తర్వాత ప్రతి ఇంట్లోనూ ఉయ్యాల ఊగిందట. ఆ కాలపు రాళ్ళున్నచోట గోడ మీద ఇద్దరు పక్కపక్కన నడవొచ్చు. మిల్లు మూతబడి మగవాళ్ళు ఓడలెక్కి పోయిన కాలానికి పుట్టుకలు తగ్గాయి. అక్కడ ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. ఆ ఇరుకులోనే ముత్యాలు కాలుజారి పడితే జుట్టు పట్టి పైకి లాగింది. గోడ లావుగా పెరిగిన కాలంలో వాడకి ధైర్యం, ధైర్యం ఉన్న కాలంలో ఇళ్ళు, పడవలు, కొబ్బరితోటలు. ఆ వాడని నిలబెట్టిన ఏమో ఎక్కడిదో కాదు. మేనమామలు పెట్టిన రాళ్ళు.

లెక్కల్లోకి ఆ రాళ్ళు ఎందుకు రాలేదు? రాకేం, వచ్చాయి. సుడివాడలో దేనికెంత ఖర్చవుతుందో విడదీసింది రత్నమే. పెట్టుకి అయ్యే ఖర్చుని చీరలు, గాజులు, మిఠాయిల పక్కన 'వేడుకలు' కింద వేసింది. బయటివాడెవడైనా అయితే, అంత గోడ ఎవరు కట్టారని అడిగేవాడు. తను ఆ ఊరి పిల్ల. సీమంతానికి పెట్టే రాయి ఆమెకి పసుపుకుంకుమల్లాంటిదే. చూసి చూసి కళ్ళకి ఆనకుండా పోయింది.

"ఫాల్గుణా!" అని కేకేసింది. "పెట్టుబడిలో 'పెట్టు' ఎక్కడుందో దొరికింది."

ఇద్దరూ కొత్త తొట్టి మొదలెట్టారు. ఏమో గొట్టం పేరు చెరిపి 'పెట్టు' అని రాసి, పుట్టుకకో చుక్క చొప్పున తెరిచారు. ఉత్తరం ఎప్పట్లాగే లేచింది. దక్షిణం కూడా లేచింది. నెమ్మదిగా, మొండిగా, ఉత్తరానికి అలల దెబ్బ తగలకుండా అడ్డం కాసుకుంటూ వందేళ్ళు ముందుకు పెరిగింది. రత్నం ఏడ్చేసింది. కడుపుతో ఉన్నవాళ్ళకి కన్నీళ్ళు తొందరగా వస్తాయని తనే సర్దిచెప్పుకుంది గానీ ఇవి ఆ కన్నీళ్ళు కావని ఆమెకి తెలుసు.

ఫాల్గుణరావు మాత్రం గడ్డం గోక్కుంటున్నాడు. మంచివాడు, కానీ శాస్త్రం దగ్గర మొహమాటపడడు.

"పుట్టుకకో రాయి అనుకుని పోశాం. బాగానే ఉంది. ఈ రెండేళ్ళలో నిజంగా ఎన్ని రాళ్ళు పడ్డాయి రత్నంగారూ?"

ఆమె ఏడుపు ఆగిపోయింది. ఒక్కటీ పడలేదు. వెళ్ళిపోయినవాళ్ళు వెళ్ళిపోయారు. ఉన్న ఒకరిద్దరూ, పోయే వాడకి రాయెందుకని మిఠాయిలు పంచి ఊరుకున్నారు. దానమ్మకి తెలిస్తే గోల చేస్తుందని ఆమెకి చెప్పలేదు.

అదీ పోసి చూశారు. కొమ్మ తెల్లబడింది.

రత్నం మొదట కోసిన తెల్లకొమ్మ, ఎదిగిన కొమ్మ, ఈ కొత్త తెల్లకొమ్మ, మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని చూసింది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పుట్టని కాలానికి తొట్టి ముందే పేరు పెట్టేసింది. ఆ పేరు విని జనం మనసు మార్చుకున్నారు. మనసు మార్చుకున్నారు కాబట్టి తొట్టి చెప్పింది నిజమవుతోంది. మొదటి కొమ్మ తెల్లబడింది తన పొరపాటు వల్ల. మూడో కొమ్మ తెల్లబడింది ఆ పొరపాటుని నలుగురూ నమ్మడం వల్ల. తన నోటితో తన ఊరిని చంపుకుంటోంది. ఆ మాట అనుకోగానే కడుపులో బిడ్డ ఒత్తిగిల్లింది.

*

సభలో ఆమె మూడు కొమ్మల్నీ బల్ల మీద పెట్టి ఉన్నదంతా చెప్పింది. ఏదీ దాచలేదు, తమ్ముడికి చెప్పిన సంగతితో సహా. సభాధ్యక్షుడు తాతారావుగారు నెమ్మదస్తుడు. అంతా విని కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"అమ్మా రత్నం, వేడుకని పెట్టుబడి అంటే మా ఇంట్లో ఆడవాళ్ళు నిన్ను ఎత్తుకుంటారు" అన్నాడు. అందరూ నవ్వారు.

"తాతారావుగారూ, రేవుకి గోడ మీరు టెండరు పిలిచి కట్టారు. మా వాడ గోడ కడుపు పండినప్పుడల్లా కట్టారు. తుపాను వచ్చినప్పుడు ఇది టెండరుది, ఇది సీమంతానిది అని చూసి కొడుతుందా?"

 తాతారావుగారు ముందుకు వంగాడు.

"సరే. ఒప్పుకున్నాను. ఇంతకాలం పెట్టారు, వాడ నిలిచింది. ఇప్పుడు పెడుతున్నారా? వాళ్ళ గోడ మీద వాళ్ళే రాయి పెట్టడం మానేస్తే, పైనుంచి మేం పోసే సిమెంటు ఎన్నాళ్ళు ఆగుతుంది?"

"మొదలుపెడితే..."

"మొదలుపెట్టారా అని అడుగుతున్నాను. నువ్వు ఉండేది ఆ వాడలోనే కదా. నీ బిడ్డకి పెట్టారా?"

ఆయన వెటకారానికి అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. అందుకే మరీ తగిలింది.

"ఇంకా లేదండీ" అంది రత్నం.

కొన్ని మాటలయ్యాక తేల్చారు. సుడివాడ గోడ సంగతి వచ్చే సభకి వాయిదా. ఈలోగా ఎవరైనా పెట్టినట్టు కనబడితే చూద్దాం. అంతవరకు దీవికి మొదటి తెల్లకొమ్మే లెక్క. దాన్ని సభామందిరంలో గాజుపెట్టెలో ఉంచాలి, పైదేశం నుంచి పెట్టుబడి పెట్టడానికి వచ్చేవాళ్ళు అడిగితే చూపించడానికి.

మెట్లు దిగుతూ రత్నం ఆగింది. గుమ్మడికాయంత కొమ్మ ఫాల్గుణరావు చేతుల్లో ఉంది. వచ్చినవాడల్లా దాన్ని చూస్తాడు. చూసినవాడల్లా దక్షిణానికి వీపు తిప్పుతాడు. ఇంకా ఎన్నాళ్ళు చెబుతుంది ఇది తన ఒక్క పొరపాటుని?

"ఇది పెట్టెలోకి పోదు ఫాల్గుణా."

"ఉద్యోగం పోతుంది రత్నంగారూ."

"పోతుంది."

 అతను భుజం మీది తువ్వాలు తీసి కొమ్మకి చుట్టాడు. "నేను చూడలేదు" అని ఆమె చేతికిచ్చాడు.

*

ఏడోనెల ముగిసే ముందు గురువారం సీమంతం. రత్నం చేతుల నిండా గాజులు, మొహాన పసుపు. సుడివాడలో మిగిలిన ఆడవాళ్ళంతా గోడ దగ్గర చేరారు. పాట పాడదామంటే ఎవరికీ నోరు రావడం లేదు, మేనమామ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. దానమ్మ బస్సు వచ్చే దారిని చూపుతోనే తవ్వుతోంది.

కూర్మారావు బస్సు వచ్చి ఆగింది. అందులోంచి ముత్యాలు దిగాడు. చంకలో చీర పొట్లం, చేతిలో అరటిగెల, వెనక పెళ్ళాం.

"రాయేదిరా?" అంది దానమ్మ.

"అత్తా, అప్పని సూద్దామని ఒచ్చినాను. ఇంకేటీ అడక్కు."

దానమ్మ చెయ్యెత్తింది. ఆ చెయ్యి పడేదే, రత్నం మధ్యకి వచ్చింది.

"తేకపోతే పోనీ అత్తా. రాయి ఏ రాయైనా ఒకటే అన్నావు కదా." తువ్వాలు విప్పి కొమ్మని తమ్ముడి చేతుల్లో పెట్టింది. "ఇది పెట్టు."

ముత్యాలు దాన్ని గుర్తుపట్టాడు. రెండేళ్ళ కిందట రత్నం ఏడుస్తూ చెప్పింది ఇలాంటి తెల్లకొమ్మ గురించే. 

"అప్పా! ఇది మన వాడ సావు కాదేటి?"

"ఔను. తప్పుగా చెప్పిన చావు. తప్పు నాది, నేను చెప్పినాను, నువ్వు నమ్మినావు. దీన్ని గాజుపెట్టెలో పెడితే ఇంకా వందమంది నమ్ముతారు. గోడలో పెడితే రాయి. రాయి పెట్టమంటే అబద్ధం పెట్టినట్టుంటుందన్నావు కదరా. ఇది అబద్ధమే. పెట్టెయ్."

వాడు కొమ్మని అటూ ఇటూ తిప్పాడు. అక్క మొహం చూశాడు, ఆమె పొట్ట చూశాడు.  ముత్యాలు చెప్పులు విడిచి గోడెక్కాడు. చిన్నప్పుడు తను పడిపోయిన ఇరుకు దాటి, నెర్రె పడ్డచోట మోకాళ్ళ మీద కూర్చుని కొమ్మని దూర్చాడు. పట్టలేదు. తిప్పి పెట్టాడు. ఈసారి కూర్చుంది. అల వచ్చి కొట్టింది, కొమ్మ కొంచెం కదిలింది.

కదలగానే వాడి మొహంలో అక్కా, తొట్టీ, సభా ఏమీ లేకుండా పోయాయి. గోడ పని తెలిసిన జాలరివాడు మిగిలాడు.

"ఇది ఒట్టి తేలిక సరుకప్పా, ఒక్కటే ఆగదు. పక్కనో గట్టిరాయి ఆనిక ఉండాల" అని విసుక్కుంటూ అటు వైపు నీళ్ళలోకి దిగిపోయాడు. తొడలోతు నీళ్ళలో వంగి వెతికాడు, ఒకటి తీసి చూసి పారేశాడు, ఇంకోటి తీశాడు. నల్లటిది, పెద్దది. ఛాతీకి హత్తుకుని రొప్పుతూ పైకెక్కి, కొమ్మ పక్కన దిగ్గొట్టాడు. మళ్ళీ అల వచ్చింది. ఏదీ కదల్లేదు.

ఆడవాళ్ళలో ఎవరో పాట అందుకున్నారు. ముత్యాలు పెళ్ళాం గోడ చివర నిలబడి మొగుణ్ణి చూస్తూ, "మా అన్నకి కూడా కబురెట్టాల" అంది మెల్లగా. ఎందుకో దానమ్మకి అర్థమై ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తడిసిన లుంగీ పిండుకుంటూ ముత్యాలు వచ్చి అక్క ముందు నిలబడ్డాడు.

"మరి ఇప్పుడేటంతాదప్పా నీ తొట్టి? వాడ ఉంతాదా, పోతాదా?"

రేపో ఎల్లుండో సభ నుంచి కాగితం వస్తుంది, ఉద్యోగం ఉండదు, తొట్టి తాళం అడుగుతారు. రత్నం గోడ మీద పక్కపక్కన ఉన్న తెల్లరాయినీ నల్లరాయినీ చూసింది. జీవితంలో మొదటిసారి ఆ మాట అంటుంటే ఆమెకి ఎక్కడలేని సంతోషం కలిగింది.

"ఏమోరా" అంది.